ఆది జాకెట్టు చూసి కుట్టిన ఈత డ్రెస్సు

అది 2011. చిలకలగూడల, సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంల నాది లేడీస్ టైలర్ దుకాణం. రెండు మిషిన్లు, ఒక కటింగ్ టేబుల్, గోడకు నిలువుటద్దం. ఒక మిషిన్ మీద నేను, ఇంకోదాని మీద మా ఇంటామె సుజాత. హెమ్మింగు, హుక్కులు, కాజాలు ఆమె చేతిపని. అప్పటికి నేను కత్తెర పట్టి ఇరవై ఆరేండ్లు. పెండ్లి జాకెట్లు కుట్టిన, స్కూలు డ్రెస్సులు కుట్టిన, యాన్యువల్ డేకు పిల్లలు వేసుకునే డాన్సు డ్రెస్సులు కుట్టిన. చెడగొట్టినయి సుత ఉన్నయి, అబద్ధమెందుకు. కాని ఒక మనిషి ఏడాది కష్టం నా చేతుల పాడైంది ఒక్కసారే. అది చెప్త.

ఆ మనిషి గ్రేస్ టీచర్. మా బిడ్డ శ్రావణి చదివే మిషన్ స్కూల్ల లెక్కలు చెప్తది. వాళ్లది కోస్తా దిక్కు. నౌకరీ మీద వచ్చి సీతాఫల్‌మండిల ఇల్లు కట్టుకున్నరు. అప్పటికి ఆమెకు నలభై మూడు నలభై నాలుగు ఉంటయి. పదకొండేండ్ల సంది ఆమె జాకెట్లన్ని నేనే కుడుతున్న. మా టైలర్లను అందరు మాస్టర్ అనే పిలుస్తరు గని, ఆమె ఒక్కతే 'మాస్టర్ గారూ' అంటది. అట్ల పిలిచేటోళ్ల డ్రెస్సు మీద చెయ్యి జెర భద్రంగ పోవాలె. నాది పోలే.

మోకాళ్ల నొప్పులని డాక్టరు చెప్తే ఆమె నలభై దాటినంక ఈత నేర్చుకున్నది. పొద్దున లేడీస్ బ్యాచ్‌ల రోజు పోయేది. నీళ్లంటే భయం పోయినంక ఆమెకు ఒక ఆలోచన పుట్టింది. స్కూల్ల ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు వారానికి ఒక పీరియడ్ ఈత పెట్టియ్యాలె. పోయి కరస్పాండెంట్ సార్‌ను అడిగింది. కరస్పాండెంట్ అంటే ఆ స్కూల్ల యాజమాన్యం తరఫున పెత్తనం చేసే పెద్దమనిషి. ఆయన ఏమన్నడో ఆమెనే నాకు చెప్పింది.

"మా టీచర్లకే ఈత రాదు, ఆడపిల్లలను ఎవరిని నమ్మి పంపుతాం అని పేరెంట్స్ అడుగుతారమ్మా. మీరు ముందు ఏదైనా పెద్ద పోటీలో పాల్గొని పూర్తిచేసి చూపించండి. ఆ సర్టిఫికెట్ పెట్టుకుని నేను వాళ్ళతో మాట్లాడతాను," అన్నడంట.

ఇంకొకరైతే సతాయిస్తున్నడని ఊరుకునేటోళ్లు. ఈమె పోయి ట్రయాథ్లాన్‌ల పేరు రాయించింది. మూడు పందేలు ఒకదాని ఎనక ఒకటి ఉంటయి దాంట్ల. ముందు ఈత, అటెన్క సైకిలు, అటెన్క పరుగు. ఆమె పోయేది చిన్న రకం, ఈత ఏడు వందల యాభై మీటర్లు. యాభై మీటర్ల కొలనుల పదిహేను సార్లు. దానికి అరగంట టైమిస్తరు, కటాఫ్ అంటరు. అరగంటల నీళ్లు దిగి బయటికి రాకుంటే సైకిలు ముట్టనియ్యరు. ఆమె ఏడాది పొడుగునా పొద్దున నాలుగున్నరకే లేచి తయారైంది. ఈత ఇరవై నాలుగు నిమిషాలల్ల అయిపోతుండె. శ్రావణి అప్పుడు తొమ్మిదో తరగతి. ఈత పీరియడ్ వస్తదని దానికి మస్తు ఆశ. అన్నం తినేటప్పుడు సుత అదే ముచ్చట.

నా దగ్గరికి వచ్చిన పని ఏందంటే, లేడీస్ బ్యాచ్‌ల ఆమె వేసుకునేది గౌను కుచ్చు ఉన్న డ్రెస్సు. అది వేసుకుని సైకిల్ ఎక్కితే కుచ్చు పోయి చైన్ల పడ్తది. పందెంల బట్టలు మార్చుకునే వ్యవధి ఉండది, తడి డ్రెస్సు మీదనే తొక్కాలె, దాని మీదనే ఉరకాలె. దుకాణాలల్ల దొరికే రెడీమేడ్‌వి చేతులు లేకుంట, పొట్టిగ ఉన్నయి. ఆమెకు అవి మనసుకు రాలే.

"మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా కాళ్ళు ఉండాలి మాస్టర్ గారూ. ఒంటికి పట్టినట్టుండాలి. ఇలాంటివి మీరెప్పుడైనా కుట్టారా?"

"మస్తు కుట్టిన మేడం," అన్న. కుట్టలే. సాగే లైక్రా గుడ్డతోని డాన్సు డ్రెస్సులు కుట్టిన, ఇది సుత గంతే కదా అనుకున్న.

"కొలతలు తీసుకోరా?"

"మీ ఆది జాకెట్టు నా దగ్గర ఉండనే ఉంది. పదకొండేండ్ల సంది కుడుతున్న, మీ కొలతలు నాకు నోటికి వస్తయి."

నేను బుక్కుల పేరు రాసుకున్న.

ఆది అంటే మీకు ఎరుకే, ఒంటికి సక్కగ కూసున్న పాత జాకెట్టు. కొత్తది కుట్టియ్యాలంటే ఆడోళ్లు అది తెచ్చి టేబుల్ మీద పెడ్తరు. టేపు పట్టే పని లేదు, మొగ టైలరు ముంగట చేతులు చాపి నిలబడే సిగ్గు లేదు. మా వృత్తి సగం దాని మీదనే నడుస్తది. కాని జాకెట్టు అనేది చేతులు కిందికి దించుకుని నిలబడ్డ మనిషికి కుట్టేది. చెయ్యి పైకెత్తితే మొత్తం పైకి లేస్తది. సిటీ బస్సుల కడ్డీ పట్టుకున్న ప్రతి ఆడమనిషి రెండో చెయ్యితోని కొంగు సర్దుకునేది అందుకే. ఈతల చెయ్యి పైకెత్తుడు తప్ప వేరే పని లేదు. ఇది నాకు తట్టలే. ఇరవై ఆరేండ్ల పనోణ్ణి, తట్టలే.

జనరల్ బజార్ల నల్ల లైక్రా తెచ్చిన. మూడు వారాల టైముండె. కాని ఆషాఢం షురూ అయింది, బోనాలు వచ్చినయి. మా దిక్కు బోనాలకు కొత్త జాకెట్టు లేకుంటే ఏ ఇంట్ల ఆడోళ్లూ ఊకోరు. దుకాణంల కాలు పెట్ట సందు లేదు. టీచరమ్మ డ్రెస్సు కవర్ల ఉండిపోయింది. ఆమె రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ 'ఎల్లుండి మేడం' అన్న. మా టైలర్ల నోట్ల ఆ మాట ఊపిరి తీసుకున్నట్టు వస్తది. పెండ్లి జాకెట్టు సుత పెండ్లికి ముందు రోజే ఇస్తం, జనం తిట్టుకుంట తీసుకపోతరు, పని నడుస్తది.

ఆమె పందెం ఆదివారం. లష్కర్ బోనాలు, అంటే మా సికింద్రాబాద్ బోనాలు, ఆ పైవారం. నేను డ్రెస్సు కత్తిరించింది శుక్రవారం. తొందరల ఇంకో రెండు పనులు చేసిన. సాగే గుడ్డకు ఓవర్‌లాక్ వెయ్యాలె, అంటే కుట్టు సుత గుడ్డతోని పాటు సాగేటట్టు మూడు దారాలతోని వేసేది. ఆ మిషిన్ నాకు లేదు, పక్క వీధిల ఇచ్చి వేయించుకుంట. చేతులు, చంకల కాడ దానికి టైము లేక మామూలు కుట్టే వేసిన. రెండోది, ఆమె అడగకుంటనే ఛాతీ నుంచి నడుము దాంక లోపట పల్చటి నూలు మల్లు గుడ్డ లైనింగ్ పెట్టిన. నలుగురు మొగోళ్లుంటరు, తడిస్తే ఒంటికి అంటుకుంటది, టీచరమ్మకు ఇబ్బంది కావద్దని. ఆ లైనింగ్ పెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్న కూడా.

శనివారం సాయంత్రం ఆమె వచ్చి తీసుకున్నది.

"ఒకసారి కొలనులో వేసుకుని చూస్తే బాగుండేదండి," అన్నది.

"ఇంట్ల వేసుకుని చూడుండ్రి మేడం, అచ్చు మీ కోసమే పుట్టినట్టుంటది."

ఆమె పోయినంక సుజాత హుక్కులు కుట్టుకుంటనే తల ఎత్తకుంట అడిగింది. "నీళ్లల్ల ముంచి చూసినవా?"

"డ్రెస్సును ముంచుడేందే, పప్పా అది?"

"నీళ్లల్ల వేసుకునేది కదా, అందుకని అడిగిన," అన్నది, మల్ల పని చూసుకున్నది.

ఆమె అట్ల అన్నంక నాకు లోపట కొద్దిగ గుబులైంది. తెల్లారి శ్రావణి మా టీచర్‌ను చూడాలె అని మొండికేస్తే, బోనాల పని పక్కకు పెట్టి బండి మీద దాన్ని ఎక్కించుకుని పోయిన. ఊరికి ఆ చివర స్టేడియం కొలను. టీచరమ్మ ఆదివారం ఆరాధన మానుకుని వచ్చింది, ఆమెకు అది చిన్న సంగతి కాదు. శ్రావణిని చూసి చెయ్యి ఊపింది. డ్రెస్సు అద్దంల బొమ్మకు వేసినట్టు కూసున్నది. ఒక్క ముడత లేదు. నాకు ప్రాణం కుదుటపడ్డది.

విజిల్ వేసిన్రు. దిగిన్రు. మొదటిసారి అటు పోయి ఇటు తిరిగేటాలకే నాకు అర్థమైంది. ఈత గురించి నాకు ఓనమాలు రావు. కాని గుడ్డ ఎక్కడ గుంజుతే ముడత ఎక్కడ పడ్తదో నాకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది? ఆమె కుడిచెయ్యి లేపినప్పుడల్ల చంక నుంచి ఎడమ నడుము దాంక ఒక తాడు గుంజినట్టు ముడత. ఎడమచెయ్యి లేపితే ఇటు నుంచి అటు. చెయ్యి చెవి దాటి పోతలేదు. లోపటి మల్లు గుడ్డ నీళ్లు తాగి కడుపు కాడ సంచి తీరు ఉబ్బింది. నేను కుట్టిన డ్రెస్సు ఆమెను ఎనకకు గుంజుతుంది, నా కండ్ల ముంగట.

శ్రావణి లెక్క పెడ్తుంది. ఐదు. ఆరు. అందరు ఎనిమిదో, తొమ్మిదో పూర్తి చేసిన్రు. ఆరు అయిపోంగనే ఆమె మా దిక్కు గోడ పట్టుకుని ఆగింది. పదిహేను నిమిషాలైతుంది. రొప్పుతుంది. చంకల చెయ్యి పెట్టి గుడ్డ కిందికి గుంజుకుంటుంది, అది రాదు.

"డాడీ, టీచర్‌కు ఏమైంది?" అన్నది శ్రావణి.

నేను కంచె కాడికి పోయి అరిసిన. "మేడం, చంక కింద కుట్టు చింపుండ్రి! మామూలు కుట్టే, గట్టిగ గుంజితే తెగుతది!"

ఆడ ఉన్న వాలంటీర్ ఒకాయన నన్ను ఎనకకు జరగమన్నడు. ఆమె తలెత్తి చూసింది. అంతమంది మొగోళ్ల నడుమ ఒంటి మీది డ్రెస్సు చింపుకొమ్మని చెప్పింది ఆమె టైలర్. ఆ చూపు నేను ఇప్పటికీ మర్సిపోలే. కోపం కాదు, ఇది మీకు ముందే తెలుసా అన్నట్టుంది. అటెన్క కండ్లు మూసుకుని ఏదో అనుకున్నది, ప్రార్థనే అయ్యుంటది. ఎడమచెయ్యితోని కుడి చంక, కుడిచెయ్యితోని ఎడమ చంక, పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నా కుట్టు తెగిన చప్పుడు నాకు వినపడ్డట్టే అనిపించింది.

గోడ ఇడిసిపెట్టి పోయింది. ఇప్పుడు చెయ్యి నిండ లేస్తుంది, నిండ పడ్తుంది. మిగిలిన తొమ్మిదింట్ల ఆమె ఎక్కడా ఆగలే. శ్రావణి నా చొక్కా పట్టుకుని ఎగురుతుంది. ఆమె మెట్లెక్కి బయటికి వచ్చేటాలకు గడియారంల ముప్పై ఒక నిమిషం దాటింది. ఒక ఆడపిల్ల వచ్చి, సారీ మేడం అనుకుంట ఆమె కాలికి కట్టిన టైము పట్టీ విప్పుకుని పోయింది.

స్టాండ్ల సైకిళ్లన్ని పోయినయి, ఆమెదొక్కటే ఉన్నది. ఆమె భుజాల మీద తువ్వాలు కప్పుకుని దాని పక్కన కూసున్నది. నేను పోయి ముంగట నిలబడ్డ.

"శ్రావణిని ఇంటికి తీసుకెళ్ళండి మాస్టర్ గారూ. ఎండెక్కుతోంది," అన్నది. గంతే. తిట్టినా బాగుండు అనిపించింది.

మంగళవారం లంచ్ టైముల ఆమె దుకాణానికి వచ్చింది. చినిగిన డ్రెస్సు ఉతికి, మడత పెట్టి, టేబుల్ మీద పెట్టింది. ఇప్పుడు మా వృత్తి గుట్టు ఒకటి చెప్పాలె. తప్పు జరిగిందని గిరాకీ వస్తే మాకు మూడు జవాబులు తయారుగ ఉంటయి. 'ఒక్క ఉతుకు పడితే సరైతది' అనేది ఒకటి. 'గుడ్డనే అట్లాంటిది మేడం' అనేది ఇంకోటి. రెండూ పని చెయ్యకుంటే 'మీరే జెర లావైనట్టున్రు'. ఇరవై ఆరేండ్లల్ల నేను తప్పు నాది అన్న రోజు లేదు. మా గురువు సుత అట్లనే నేర్పిండు, ఒక్కసారి ఒప్పుకుంటే వీధి మొత్తం వస్తదని.

"మేడం, అది గుడ్డనే..." అని షురూ చేసిన. సుజాత మిషిన్ ఆపింది. చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది, గంతే.

"తప్పు నాది మేడం," అన్న. "కొలవకుంట కోసిన. లేటు చేసిన. మీరు అడగని లైనింగ్ పెట్టిన. ఈతల మీ తప్పు ఏం లేదు."

ఆమె చినిగిన డ్రెస్సును నా దిక్కు జరిపింది. అటెన్క అన్నది, "ఈ మాట కరస్పాండెంట్ గారి ముందు చెప్తారా? నేను చెప్తే సాకులా ఉంటుంది."

పోయిన. డ్రెస్సు సంకల పెట్టుకుని స్కూలు ఆఫీసుకు పోయిన. ఆ సార్ కుర్చీల కూసోమనకుంట చూసిండు. నేను డ్రెస్సు బల్ల మీద పరిచి, ఏడ గుంజింది, ఏడ నీళ్లు తాగింది, ఏడ తెగింది, అంతా వేలు పెట్టి చూపించిన. తెగినంక ఆమె తొమ్మిది సార్లు ఎట్ల కొట్టిందో నా బిడ్డ లెక్క పెట్టిందని చెప్పిన. ఆయన అంతా విన్నడు.

"పోటీ మళ్ళీ ఎప్పుడు?"

"వచ్చే ఏడు సార్," అన్న.

"అయితే వచ్చే ఏడాదే చూద్దాం. పూర్తిచేయమన్నాను, చేయలేదు. నేను పేరెంట్స్‌కు ఏం చూపించను? కానీ మాట అయితే మాటే. ఆమె ఎప్పుడు పూర్తిచేస్తే అప్పుడు."

బయటికి వచ్చినంక టీచరమ్మ మొహంల నవ్వు ఉన్నది. తలుపు ముయ్యలే కదా అన్నది. డ్రెస్సు మల్ల నా చేతికే ఇచ్చింది.

"ఇంకొకటి కుట్టండి. ఈసారి జాకెట్టు కాదు, దీన్ని ఆది పెట్టుకోండి. ఎంత చిరిగిందో చూడండి, అంత ముక్క అక్కడ వేయండి."

లెక్కల టీచరు కదా. నేను టేపు పెట్టి కొలిచిన. రెండు చంకల కింద నాలుగు వేళ్ల వెడల్పు నోరు తెరిచింది. ఆ నాలుగు వేళ్ల వెడల్పుతోని వజ్రం ఆకారంల ఒక ముక్క కోసి చంక కింద పెడ్తే చెయ్యి మీదికి లేచినా డ్రెస్సు లేవది. గసెట్ అంటరు దాన్ని. లాల్చీలకు, పైజామాలకు మా గురువు పెట్టేది, నాకు వచ్చు. ఆడోళ్ల పనిల పడ్డంక మరిచిన.

ఈసారి పందెం ఇంక ఎనిమిది నెలలుందనంగనే కుట్టిన. లేడీస్ బ్యాచ్‌కు మొగోళ్లను రానియ్యరు కాబట్టి సుజాత పోయి కొలను గట్టు మీద సుద్దముక్క, పిన్నీసులు పట్టుకుని కూసున్నది. టీచరమ్మ నాలుగు సార్లు ఈది వచ్చుడు, ఈమె గుర్తు పెట్టుడు, నేను విప్పి మల్ల కుట్టుడు. ఐదు ట్రయల్స్ అయినయి. లైనింగ్ లేదు. మొత్తం ఓవర్‌లాక్. 2012ల, మల్ల ఆషాఢంలనే, ఆమె అదే కొలనుల ఇరవై మూడు నిమిషాలకు బయటికి వచ్చి, సైకిలు తొక్కి, ఉరికి, ముక్కుకుంట మూల్గుకుంట పూర్తి చేసింది. కరస్పాండెంట్ సార్ మాట తప్పలే. ఆగస్టుల ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు ఈత పీరియడ్ పెట్టిండు. డ్రెస్సులు కుట్టుమని నన్నే పిలిచిన్రు.

శ్రావణి అప్పటికి పదో తరగతికి వచ్చింది. పదో తరగతికి ఆటల పీరియడే లేదు, అంతా స్టడీ అవర్సే. నేను మూడు వారాల పని రెండు రోజులల్ల చేసినందుకు ఆ పీరియడ్ ఏడాది లేటుగ వచ్చింది. ఆ లేటు వచ్చి పడ్డది నా బిడ్డ మీదనే. ఈ మాట నన్ను అది ఒక్కసారి సుత అనలే. నాకే అనిపిస్తది, కత్తెర పట్టినప్పుడల్ల.

అప్పటి సంది నా దుకాణంల ట్రయల్ లేకుంట ఏదీ బయటికి పోదు. ఆది జాకెట్టు తెస్తే తీసుకుంట, కాని దాని మీద సుజాత టేపు పడాల్సిందే. వేసుకుని ఏం పని చేస్తరని అడుగుత. చంటిపిల్లను ఎత్తుకుంటదా, బోర్డు మీద రాస్తదా, బోనం నెత్తిన పెట్టుకుని నడుస్తదా. కొందరికి ఈ ప్రశ్నలు చిరాకు. కొలత పెట్టి కుట్టెటోడికి ముచ్చటెందుకంటరు. అయినా అడుగుత.

స్కూల్ల కొలతలు తీసిన రోజు చెప్పి ముగిస్త. హాల్ల పిల్లలు లైను కట్టిన్రు. సుజాత టేపు పడ్తుంది, నేను దూరంగ కుర్చీల కూసుని రాస్తున్న. 'చేతులు పైకెత్తు' అని ఒక్కొక్కరికి చెప్పుకుంట పోతుంది. నలభై ఒక్కమంది అయిపోయిన్రు. బుక్కు మూయబోతుంటే శ్రావణి స్టడీ అవర్ల నుంచి లేచి వచ్చి లైను చివర నిలబడ్డది.

"నీ క్లాసుకు లేదు కదా బిడ్డా," అన్న.

"పరీక్షలు అయినంక లేడీస్ బ్యాచ్‌కు పోతా. టీచర్ తోలుకపోతనన్నది," అన్నది. ఎవరూ చెప్పకముందే రెండు చేతులు పైకెత్తింది. "ఇప్పుడే రాసుకో డాడీ. నువ్వు ఎల్లుండి అంటవ్."